చిత్తూరు పెండ్లికి తిరుపతి మీదుగా

పులికాట్ ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి చిత్తూరు ఎంతో దూరం కాదు. పొద్దున బయలుదేరినవాళ్లు దీపాలు పెట్టే వేళకు చేరుకోవచ్చు. పదేళ్ల కిందట నాకూ, నా భార్య సారమ్మకూ ఆ కొంచెం దూరానికే రెండు రోజులు పట్టింది. ఆ ప్రయాణం గురించి మా క్రైస్తవ సంఘంలో చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు రాసి పెట్టమంటూనే ఉన్నారు.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. సూళ్లూరుపేటలో ఒక కోతమిల్లులో దుంగల కొలతలు చూసేవాణ్ణి. దుంగ నడుముకు తాడు చుట్టి, ఆ తాడును నాలుగు మడతలు పెట్టి, కలప ఎంత వస్తుందో నోటిలెక్కగా చెప్పడం నా పని. ఈ విద్య నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చేసేవాళ్ల పక్కన నిలబడి పట్టుకున్నాను. అందువల్ల దేన్ని చూసినా కొలవబుద్ధవుతుంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

మేము పోతున్నది కరుణ పెండ్లికి. కరుణ సారమ్మ చెల్లెలి కూతురు. ఆ చెల్లెలు కాన్పులోనే పోయింది. పసిగుడ్డును సారమ్మ తెచ్చుకుని పెంచింది. మాకు పిల్లలు లేరు. బిడ్డకు పదేళ్లు వచ్చేసరికి వాళ్ల నాయనకు చిత్తూరులో ఉద్యోగం ఖాయమై, తీసుకుపోయాడు. కన్నతండ్రి కదా, కాదనలేకపోయాం. పెండ్లి కుదిరినప్పుడు కరుణే మాకు రాసింది. తన పక్కన పెద్దమ్మే నిలబడాలని, తాళి కట్టేటప్పుడు తన ముసుగు పెద్దమ్మే పట్టుకోవాలని. మా సంఘాల్లో అది తల్లి చేసే పని.

ఆ ఉత్తరం వచ్చినప్పుడు సారమ్మ విషజ్వరంతో మంచంలో ఉంది. జ్వరం దిగిపోయింది గానీ, జుట్టు పిడికిళ్లతో ఊడిపోతుంటే మిగిలింది కూడా తీయించేశాం. నా కొలతతాడు కంటే బరువైన జడ ఆమెది. పెండ్లి నాటికి తల మీద గోరంత కూడా మొలవలేదు.

"బోడితల ఏసుకోని పెండ్లికూతురి పక్కన నిలబడేదా?" అంది. ఆమె పుట్టింది చిత్తూరు వైపు. ఇన్నేళ్లు మా ఒడ్డున ఉన్నా ఆ మాట పోలేదు. "ఆ పెండ్లి పిల్లోడి అమ్మమ్మ వాళ్లు ఇంకా శకునాలు సూసేవాళ్లంట. బిడ్డకు కీడు తెచ్చిన దాన్నవుతా."

"గుడిలో ఎట్టాగూ కొంగు కప్పుకుంటావు గదా," అన్నాను.

"గుడి బయటో?"

చివరకు ఒక్క షరతు మీద బయలుదేరింది. వెనక వరుసలో కూర్చుంటుంది, ముందుకు రమ్మని నేను అడగకూడదు. జుట్టు సంగతి కరుణకు మేమెవరమూ రాయలేదు.

సూళ్లూరుపేట

నాకొక అలవాటు ఉంది. ఏ ఉత్తరం రాసినా "ప్రభువు చిత్తమైతే" అని మొదలుపెడతాను. ఏ బండి ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ బండి అందుకోవాలో మాత్రం నేనే ముందుగా అమర్చుకుంటాను. ఆయన చిత్తం నా అమరిక ప్రకారమే ఉంటుందని నమ్మకం. ఆ పొద్దున కూడా అంతే. గూడూరు, రేణిగుంట, అక్కడ పాసింజరు, సాయంత్రానికి చిత్తూరు. మరునాడు పది గంటలకు పెండ్లి.

బస్టాండులో ఒకాయన కొత్త పలుపుతాడు భుజాన వేసుకుని ఎద్దుల సంతకు పోతున్నాడు. సారమ్మ కొంగు గాలికి జారింది. ఆయన ఆమె తలను చూశాడు, నన్ను చూడలేదు. ముండమోసిన మనిషి ఎదురైందనుకుని, పోయేవాడు పోకుండా అరుగు మీద కూర్చుని, టీ కొట్టులో నీళ్లడిగి తాగి, కాసేపాగి మళ్లీ లేచి నడిచాడు. మా వైపు శకునం బాగా లేకపోతే అట్లా చేస్తారు. ఆయనకు కోపమేమీ లేదు. పని సజావుగా జరగాలని చేసుకున్నాడు, అంతే.

సారమ్మ కొంగును చెవుల వెనక్కి బిగించి దోపుకుంది. రేణిగుంట దాకా దాన్ని వదల్లేదు.

రేణిగుంట

గూడూరులో మేమెక్కిన రైలు కాళహస్తి ఇవతల పొలాల మధ్య ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. కిటికీలోంచి ఒక వేపచెట్టు కనబడుతుంటే దాని కలప లెక్క కట్టాను. కట్టడం అయిపోయింది, బండి కదల్లేదు. పక్కనున్న తుమ్మచెట్టుకు కూడా కట్టాను. రేణిగుంటలో దిగేసరికి చిత్తూరు పాసింజరు వెళ్లిపోయింది.

ప్లాట్‌ఫారం మీద ఒక పోర్టరు మా ట్రంకుపెట్టె వైపు చెయ్యి చాచి, కొంగు జారిన సారమ్మ తలను చూసి ఆగాడు.

"ఏమ్మా, గుండు మీద గుండు కొట్టించుకొనేకి వచ్చినావా? ఇంకా మొలసనే లేదే."

నాకు కోపం వచ్చేది. కానీ సారమ్మకు నవ్వొచ్చింది. జ్వరం తర్వాత ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. పోర్టరు పెట్టె ఎత్తుకుని, ఇక్కడ కూర్చుంటే రేపటి దాకా కూర్చోవాలనీ, తిరుపతికి పోతే చిత్తూరు బస్సులు బోలెడనీ చెప్పాడు. ముప్పావలా తీసుకున్నాడు. నేను అర్ధరూపాయి అనుకున్నాను, కానీ ఆ నవ్వుకు పావలా ఎక్కువేమీ కాదు.

తిరుపతి

తిరుపతిలో బస్సులు బోలెడున్న మాట నిజమే. వాటికి వేలాడుతున్న జనం అంతకంటే బోలెడు. వేసవి సెలవులు, కొండ దిగి ఇళ్లకు పోయేవాళ్లు. చిత్తూరు బోర్డు కనబడటమే ఆలస్యం, కిటికీల్లోంచి సంచులూ పిల్లలూ లోపలికి పోతున్నారు. జ్వరంలోంచి లేచిన మనిషితో ఆ తోపులాటలోకి పోలేకపోయాను. చివరి బస్సు కూడా వెళ్లింది. పొద్దున మొదటి బస్సు ఎక్కితే పెండ్లి వేళకు చేరతామని అక్కడి కంట్రోలరు చెప్పాడు.

నా మనసు ఎంత చెడిపోయిందో చెప్పలేను. సారమ్మ మాత్రం, "లేటయితే మేలేలే," అంది. మేము లేకుండానే ముసుగు ఇంకొకరు పట్టుకుంటారని ఆమె ఆశ.

ఆ ఊళ్లో ఒక వింత చూశాను. సూళ్లూరుపేటలో ఆమెను చూసి మొగం తిప్పుకున్నారు. ఇక్కడ వీధిలో నడుస్తుంటే జనం పక్కకు జరిగి దారి ఇస్తున్నారు. ఒక ముసలాయన చేతులు కూడా జోడించాడు. సగం ఊరికి గుండ్లే. ఆడవాళ్లూ, పసిపిల్లలూ, పెద్ద పెద్ద ఉద్యోగస్తులూ. అదే తల. నడుమ దూరం వంద కిలోమీటర్లు ఉంటుందేమో.

సత్రం గుమస్తా కూడా ఆమె తలను చూసి, నన్నేమీ అడక్కుండా వసారాలో మాకొక మూల చూపించాడు. పెద్ద హోటళ్లలో దిగే స్తోమత మాకు లేదు. మేము కొండ భక్తులం కాదని నాకు చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే ఆ మూల పోతుందేమోనని.

ఇంకొక చిక్కు ఉంది. పెండ్లి ఇంటికని మా ఒడ్డు నుంచి ఎండురొయ్యలు మూట కట్టి తెచ్చాం. కరుణకు ప్రాణం. ఆ పరిశుద్ధమైన సత్రంలో అవి వాసన వేయడం మొదలుపెట్టాయి. నేను మూట మీద తువ్వాలు చుట్టాను, దాని మీద దుప్పటి చుట్టాను. ఎంత చుట్టినా రొయ్య రొయ్యే. చివరకు ఎవరూ చూడకుండా వెనక గోడ మీద పెట్టి వచ్చాను. తిరుపతి పిల్లులు కూడా శాకాహారులేననుకున్నాను. పొద్దున పోయి చూస్తే తువ్వాలూ దుప్పటీ మాత్రం ఉన్నాయి.

పక్క మూలలో కదిరి నుంచి వచ్చిన ఒక కుటుంబం దిగింది. ఇంటి పెద్ద గంగులమ్మ అనే ముసలామె. ఆమెకూ, కోడలికీ, మనవరాలికీ అందరికీ ఆ రోజే తీసిన గుండ్లు. సాయంత్రం వెలుతురుండగానే రాగి చెంబులో చందనం కలుపుకుని ఒకరి తలకొకరు పూసుకుంటున్నారు. మాకు రాగి సంగటి ముద్దలు రెండు, నంజుకోడానికి ఊరుబిండి పచ్చడి ఇచ్చారు. మా ఒడ్డున అన్నంలో చేపలపులుసు తప్ప ఇంకో మాట లేదు. ఆ శనగవిత్తనాల ఊరుబిండి కారం నాకిప్పటికీ నాలుక మీద ఉంది.

మేము తింటుండగా గంగులమ్మ లేచి వచ్చి, ఏమీ అడక్కుండా సారమ్మ కొంగు వెనక్కి తీసి తల మీద చందనం పెట్టేసింది. సారమ్మ తల వంచింది. తర్వాత ఆ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, మేము కొండకు పోలేదు. మేము కిరస్తానం వాళ్లం. ఇది మొక్కు తల కాదు. జొరానికి తీసిన తల."

నేను గుమస్తా వైపు చూశాను. ఆయన దూరంగా ఉన్నాడు.

గంగులమ్మ చెయ్యి ఆగలేదు. "జొరం తలయితే ఇంగా సలవ గావాల. తల ఆడించగాకమ్మణ్ణీ."

"మీ చందనం దండగవుతాదేమో అని."

"నా తలకు పూసినా ఎండిపోయేదే." చెవుల వెనక కూడా పూసింది. "ఎందుకమ్మణ్ణీ అంత దిగులు? ఎంటికలేగా."

సారమ్మ ఆమెకు అంతా చెప్పింది. పెంచిన బిడ్డ, పెండ్లి, ముసుగు, పిల్లోడి అమ్మమ్మ. నాకు కూడా చెప్పని ఒక మాట ఆమెకు చెప్పింది. "మీరయితే మొక్కుకోని ఇచ్చినారు. నన్ను మా దేవుడు ఒక్క మాట అడగలేదవ్వా. అడిగింటే నేనూ ఇచ్చిందును."

గంగులమ్మ మిగిలిన చందనం తన అరచేతులకే రుద్దుకుంటూ ఆలోచించింది.

"మా ఇంట్లో పక్కింటిది సేట కావాలంటే వాకిట్లో నిలబడి అడుగుతాది," అంది. "నా కొడుకు అడుగుతాడా? వచ్చి తీసుకోని పోతాడు. నేను మా సామికి ఇచ్చినానంటే నేను వాకిట్లో ఉండేదాన్నే. నీ దేవుడు అడక్కుండా తీసుకున్నాడంటే ఆయన నీ ఇంట్లోవాడమ్మణ్ణీ. ఇంటోళ్లు అడగరు."

ఇది చెప్పి, మనవరాలు చెంబు తన్నేసిందని తిట్టుకుంటూ వెళ్లిపోయింది. దేవుని సార్వభౌమాధికారం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఆ పదం పెద్దది, పైన ఎక్కడో సింహాసనం మీద ఉన్నట్టు వినిపిస్తుంది. అది చేట తీసుకుపోయే చెయ్యిలాగా ఉంటుందని నాకు అంతవరకు తోచలేదు.

సారమ్మ ఆ చందనం కడుక్కోలేదు.

చంద్రగిరి దాటాక

మొదటి బస్సులో సీటు దొరికింది. చంద్రగిరి కోట కనబడి వెనకబడింది. గంట తొమ్మిది కాకముందే చిత్తూరులో ఉంటామని సారమ్మకు చెప్పాను. చెప్పిన కొంతసేపటికి కింద ఏదో విరిగిన శబ్దమైంది. డ్రైవరు దిగి, బస్సు కిందికి దూరి, వచ్చి అందర్నీ దిగమన్నాడు.

మామిడితోపు పక్కన గట్టు మీద కూర్చున్నాం. నా పక్కన పంచె కట్టుకున్న ఒకాయన ఇడ్లీ పొట్లం విప్పి, నెమ్మదిగా తుంచుకుని తింటున్నాడు. నా వాలకం చూసి, "యాడికన్నా?" అన్నాడు.

"చిత్తూరుకు. పది గంటలకు పెండ్లి."

"దగ్గరోళ్లదా?"

"మేం పెంచిన బిడ్డది."

"అట్లయితే పోవాల్సిందే," అని ఇంకో ఇడ్లీ తీసుకున్నాడు.

ఇంకో బస్సు ఎప్పటికి రావొచ్చు, అది ఎంత వేగంతో పోతే ఎప్పటికి చేరతాం, బస్టాండు నుంచి గుడికి జట్కా అయితే ఎంత, నడిస్తే ఎంత, అంతా ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"లెక్క బాగా సెప్తావన్నా. ఒక మాట అడుగుతా. పది గంటలకు పెండ్లి మొదులు పెట్టేది ఎవురు?"

"పాస్టరయ్యగారు."

"ఆయన పది గంటలకు ఆడ ఉంటాడా?"

"ఉండడా మరి?"

"ఉండడన్నా," అన్నాడాయన ఆకు మడుస్తూ. "నీ పక్కన్నే కూర్చోని ఉండాడు గదా."

తిరుపతి ఆసుపత్రిలో ఉన్న ఒక సంఘస్తుణ్ణి చూసి వస్తున్నాడట. నేను నోరు తెరిచి ఆయన్నే చూశాను. ఆ గట్టు మీద నేను అన్నీ లెక్క వేశాను, పక్కనున్న మనిషిని తప్ప.

సారమ్మ మొగం మాత్రం వాడిపోయింది. ఆలస్యమైతే తప్పించుకోవచ్చనుకుంది. ఇప్పుడు పెండ్లి అయ్యగారి కోసం ఆగి ఉంటుంది. అయ్యగారు ఆమె వైపు తిరిగాడు.

"ముసుగు పట్టుకొనేకి వాళ్ల పెద్దమ్మ వస్తాదని కరుణ వారం దినాలుగా సెప్తా ఉండాది. ఆ పెద్దమ్మవు నువ్వేనా తల్లీ?"

"అవునయ్యగారూ," అంది సారమ్మ.

బస్సు రాలేదు, మామిడికాయల లారీ వచ్చింది. చిత్తూరు మండీకి పోతోంది. డ్రైవరు సాయిబు ఆపి, అయ్యగారిని గుర్తుపట్టి సంగతి విన్నాడు. "పెండ్లి చేసే ఆయనే ఈడ ఉంటే ఆడ ఏం జేస్తా ఉంటారు, ఎక్కండి," అన్నాడు. "గడ్డి మీద కూర్చోండప్పా, కాయల మీద కాదు. తింటే తినండి, నేను సూడను. లెక్క సూసేవాడు మండీలో ఉండాడు."

బేనీషాలు. పై వరుస కాయలు ఎండకు వెచ్చగా ఉన్నాయి. అయ్యగారు ఒకటి తీసుకుని, పంచె తడవకుండా వంగి తిన్నాడు. సారమ్మ తినలేదు. ఆ గాలికి కొంగు నిలవలేదు. రెండు మూడుసార్లు లాక్కుంది, తర్వాత వదిలేసింది.

చిత్తూరు

గుడి ఆవరణలో షామియానా కింద జనం విసనకర్రలతో కూర్చుని ఉన్నారు. పది దాటి చాలాసేపైంది. లారీ గేటు ముందు ఆగి, వెనక నుంచి పెండ్లి చేయాల్సిన అయ్యగారు గడ్డి దులుపుకుంటూ దిగితే పిల్లలు ఈలలు వేశారు. వెనకాలే మేమిద్దరం దిగాం.

గుడి మెట్ల పక్కన కుర్చీలో పిల్లోడి అమ్మమ్మ కూర్చుని ఉంది. బాగా వయసు మళ్లిన మనిషి. లోపలికి పోవాలంటే ఆమెను దాటే పోవాలి. సారమ్మ తలను చూసి ఆమె నుదురు ముడిపడింది. తర్వాత చందనం మరకలు కనబడ్డాయి. ముడి విడిపోయింది.

"తిరుపతి నుంచి వస్తా ఉండారా?" అంది మర్యాదగా.

అవునంటే సరిపోయేది. అది నిజం కూడా. నేను ఆ మాట అనబోయాను.

"తిరపతి మీంచే వచ్చినామవ్వా," అంది సారమ్మ. "కానీ ఇది మొక్కు తల కాదు. జొరం వచ్చి పోయిన తల. మా దేవుడు తీసుకున్నాడు."

"మీరు మొక్కుకోకుండానా?"

"మొక్కుకోలేదు. ఆయనా అడగలేదు. ఇంటోళ్లు అడుగుతారా అవ్వా?"

ముసలామె లేచి, కర్ర పొడుచుకుంటూ నీళ్లకుండ దగ్గరకు పోయి, లోటాతో నీళ్లు ముంచుకుని తాగి, తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. సూళ్లూరుపేట బస్టాండు నా కళ్ల ముందుకొచ్చింది. సారమ్మకు కూడా వచ్చి ఉంటుంది. వెనక్కి తిరిగిపోతుందనే అనుకున్నాను.

"దారంతా ఎండ. నాకూ ఇన్ని నీళ్లియ్యవ్వా," అంది.

ముసలామె లోటా వైపు చూసింది, సారమ్మ వైపు చూసింది. నీళ్లు తెప్పించి ఇచ్చింది. ఆమెకు మనసు మారిందని నేననుకోను. చేయాల్సిన పరిహారం చేసుకుంది, కూర్చుంది. ఆ కుర్చీని మాత్రం కొంచెం పక్కకు జరిపింది. సారమ్మ నీళ్లు తాగి మెట్లెక్కింది.

కరుణ తెల్లచీరలో లోపలి గదిలో ఉంది. పెద్దమ్మను చూడగానే లేచి రెండడుగులు వేసి, ఆగిపోయింది. దాని చేతిలో ఒక మల్లెపూల మూర ఉంది. తన తలలో పెట్టుకున్న దండలోంచి పెద్దమ్మ జడకని తుంచి, తడిగుడ్డలో చుట్టి పొద్దున్నుంచి దాచింది.

"నాకు రాయలేదే పెద్దమ్మా," అంది.

"రాస్తే రావద్దంటావని కాదు. నేనే రాకూడదనుకున్నా."

కరుణ ఆ మూరను చేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత సారమ్మ కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టుకు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపింది. "ముసుగు పట్టుకొనేది ఈ చెయ్యే గదా," అంది.

తాళి కట్టేటప్పుడు నేను వెనక వరుసలో ఉన్నాను, సారమ్మ కూర్చుంటానన్న చోట. అక్కడి నుంచి నాకు ముసుగెత్తి పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనబడింది. పూలు చుట్టిన చెయ్యి. రొయ్యలేవి పెదనాయనా అని ఆ సాయంత్రం కరుణ అడిగితే, తిరుపతిలో మొక్కు చెల్లించాం అని చెప్పాను.

కాళహస్తి దగ్గర బండి ఆగకపోయి ఉంటే మేము ముందు రోజు సాయంత్రానికే చిత్తూరు చేరేవాళ్లం. నా అమరిక చక్కగా జరిగేది. సారమ్మ వెనక వరుసలో కూర్చునేది. ఈ లెక్క నేను చాలాసార్లు వేసి చూశాను, ఎటు నుంచి వేసినా అంతే వస్తుంది. అన్ని ఆలస్యాలకూ ఇట్లా జవాబు దొరుకుతుందని చెప్పను. కరుణ తల్లి కాన్పులో ఎందుకు పోయిందో నాకిప్పటికీ తెలియదు. ఆ చెల్లెలి పేరెత్తినప్పుడు సారమ్మ "ఇంటోళ్లు" అని మాత్రం అంటుంది, మిగతాది అనదు. అనలేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో నేను పక్కన కూర్చుంటాను.

ఇప్పుడు జుట్టు వచ్చింది. మునుపటంత జడ కాదు. నేను కొలవలేదు. సూళ్లూరుపేట బజారులో మల్లెపూలు కొంటే ఆమె ఒక మూర తుంచి ముందు కుడిచేతి మణికట్టుకు చుట్టుకుంటుంది. మిగిలిందే జడకు.